కళాశాల క్రీడలు – వ్యాయామ సంచాలకుని స్థానం
(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాలకు డెబ్బది అయిదేళ్లు నిండిన సందర్భంలో స్మరింపదగిన వారు ఎందరో ఉన్నారు. స్థాపకులను గురించి, పద్యాన్ని పిల్లల నాలుకపై నిలిపిన తెలుగు పండితులను గురించి, లెక్కలంటే గుండెదడ పోగొట్టిన వారిని గురించి ఈ ఉత్సవాలలో పలువురు ముచ్చటించినారు. అయితే పూర్వవిద్యార్థులను గమనించిన వారికి ఒక సంగతి తెలుస్తుంది. గేటు దాటి లోనికి రాగానే వారి కన్నులు ముందుగా వెదకేది తరగతి గదిని కాదు, మైదానాన్ని. నలుగురు కలిసినచోట తప్పక వినవచ్చే ప్రశ్న "మన డ్రిల్లు మాస్టారు ఎట్లా ఉన్నారు?" అనేది. మార్కులు వేసినవారి పేర్లు మరచిన వారు సైతం ఈల ఊదినవారి పేరు మరువలేదు.

ఆ డ్రిల్లు మాస్టారి చేయి విడిచిన పిల్లవాడు పదవ తరగతి దాటి కళాశాలలో అడుగుపెట్టిన పిదప ఎవరి చేతిలో పడుతున్నాడు? పరుగు పందెంలో జిల్లా స్థాయి దాకా పోయిన ఆడపిల్ల కళాశాలలో చేరిన మొదటి సంవత్సరంలోనే పరుగు మానివేయడానికి కారణమేమి? ఈ ప్రశ్నలకు జవాబు వెదకబోతే ఒక పదవి దగ్గర ఆగవలసి వస్తుంది. కాగితాలలో దానిని వ్యాయామ విద్యా సంచాలకుడు అంటారు. పిల్లలు పి.డి. సార్ అంటారు, పి.డి. మేడం అంటారు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఆయన క్రీడా విభాగానికంతటికీ అధిపతి. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది ముఖ్యమే. ఎంతకాలం కూర్చున్నారన్నది అంతకంటె ముఖ్యం. నేటి ప్రసంగం ఆ కాలాన్ని గురించియే.

ఈ పదవి మన దేశానికి వచ్చిన తీరు ఆసక్తికరమైనది. వ్యాయామానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయుడుండాలనే భావన తెలుగువారికి కొత్తది కాదు. కలియుగ భీమునిగా ప్రఖ్యాతి గాంచిన కోడి రామమూర్తి నాయుడు సర్కసు గుడారంలోనికి ప్రవేశించక ముందు మద్రాసు సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినారు. గొలుసులు తెంపిన రామమూర్తి అందరికీ తెలుసు. బడిపిల్లల చేత కసరత్తు చేయించిన రామమూర్తి కొందరికే తెలుసు. అయితే కళాశాలలకు ప్రత్యేక శిక్షణ గల వ్యాయామ సంచాలకులను తయారుచేసే పని పెద్ద ఎత్తున ఆరంభమైనది 1920లో. హారీ క్రో బక్ అనే అమెరికా దేశీయుడు మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను కొద్దిమంది విద్యార్థులతో ప్రారంభించినారు. 1943లో కన్నుమూసేవరకు ఆయన ఆ పనిని విడువలేదు. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టు బాధ్యత వహించిన వారిలో ఆయన ఒకరు. తరువాత దేశమంతటా తిరిగి క్రీడాసంఘాల నిర్మాణానికి తోడ్పడినారు. దక్షిణాదిలోని పాఠశాలలకు, కళాశాలలకు చాలాకాలం వ్యాయామ గురువులు వచ్చినది ఆ నందనం మైదానం నుండియే. బక్ దొర ఇరువది మూడేళ్లు ఒకే చోట నిలిచినందువలన అది సాధ్యమైనది.

ఇక ఆ పదవిలోని పని ఏమిటో చూడాలి. బయటివారి దృష్టిలో కళాశాల పి.డి. అంటే సాయంత్రం వేళ ఈల ఊది, బంతి ఇచ్చి, చీకటి పడగానే ఆ బంతిని బీరువాలో పెట్టి తాళం వేసే వ్యక్తి. బీరువా తాళం ఆయన పనిలో నూరవ వంతు కూడా కాదు. ప్రవేశాలు పూర్తి కాగానే కొత్తగా చేరిన వారిలో ఎవరికి ఏ ఆట వచ్చునో కనిపెట్టాలి. ఎవరూ తమంతట తాము వచ్చి చెప్పరు. ముఖ్యంగా మాతృభాషలో చదివి వచ్చిన పిల్లలు ఆంగ్లం మాట్లాడే గుంపును చూసి గోడ వార నిలబడిపోతారు. వారి నడకను బట్టి, మెట్లెక్కే తీరును బట్టి పోల్చుకొని పిలువవలసినది ఆయనే. తరువాత అంతర కళాశాలల పోటీలు, వాటి నుండి విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక, శిక్షణ శిబిరం, దక్షిణ మండల పోటీలు, అటుపై అఖిల భారత పోటీలు. ప్రతి మెట్టు వద్ద ఒక గడువు ఉంటుంది. వయస్సు రుజువు, ఇంటర్మీడియెట్ లేదా పి.యు.సి. ఉత్తీర్ణతా పత్రం, కళాశాలలో చేరిన తేదీ, ఛాయాచిత్రం, సంతకం. ఒక్క కాగితం తక్కువైతే పిల్లవాడు రైల్వే స్టేషను దాకా వెళ్లి తిరిగిరావలసినదే.

హాజరు సంగతి మరొకటి. పోటీలు, ప్రయోగ పరీక్షలు ఒకే వారంలో వచ్చి పడతాయి. జట్టుతో వెళ్లిన విద్యార్థికి హాజరు ఇప్పించడానికి, తప్పిన పరీక్షను మరల పెట్టించడానికి ఆయన శాఖ శాఖకు తిరిగి అధ్యాపకులను బ్రతిమాలుకోవాలి. నిన్ననో మొన్ననో చేరిన వ్యక్తి ఆ మాట అడిగితే ఎవరు వింటారు? పదేళ్లుగా అదే కళాశాలలో పనిచేస్తూ, మాట తప్పడని పేరు తెచ్చుకొన్న వ్యక్తి అడిగితే రసాయనశాస్త్ర శాఖాధిపతి కూడా కాదనలేడు. ఇది ఏ ప్రభుత్వ ఉత్తరువులోను వ్రాసి ఉండదు.

ఆయన సంతకానికి మరొక విలువ ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారుల కోటాకు పలు రకాల ధ్రువపత్రాలు నిర్ణయింపబడినవి. అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఆడిన వారికి మూడవ నమూనా పత్రం. దానిపై విశ్వవిద్యాలయ క్రీడాధికారి సంతకం ఉండాలి. ఇరువది ఏళ్లకు ఆడిన ఆటకు ఇరువది ఆరేళ్లకు ధ్రువపత్రం కావలసి వస్తుంది. అప్పటికి ఆ కార్యాలయంలో నలుగురు మారి ఉంటే, పాత జాబితాలు ఏ మూలనో చెదలు పట్టి ఉంటే, ఆ అభ్యర్థి గతి ఏమి? ఈ సభలో ఉద్యోగాలలో ఉన్న పూర్వవిద్యార్థులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

వీటన్నింటికంటె పెద్ద విషయం తలిదండ్రుల నమ్మకం. కుమార్తెను పై ఊరికి పోటీలకు పంపమని కళాశాల నుండి కబురు వస్తే తల్లి అడిగే మొదటి ప్రశ్న పతకం గురించి కాదు. "వెంట ఎవరు వస్తున్నారమ్మా?" అని అడుగుతుంది. అది చాలా న్యాయమైన ప్రశ్న. రెండు రాత్రులు రైలు ప్రయాణం, తెలియని ఊరు, ఏదో వసతిగృహంలో మకాం. వెంట వచ్చే వ్యక్తి పక్కింటి పిల్లను కూడా అంతకు ముందు సంవత్సరం తీసుకువెళ్లి క్షేమంగా తెచ్చిన మనిషి అయితే ఆ తల్లి తలుపు దగ్గర నిలబడి పంపిస్తుంది. ఎవరో కొత్తవారు అయితే తండ్రి "ఈ ఏటికి వద్దులే" అంటాడు. వచ్చే ఏడు మరొక కొత్తవారు. ఆ పై ఏడు పెండ్లి మాటలు. ఆడపిల్లలు ఆట మానివేయడానికి శక్తి చాలకపోవడం, ఆసక్తి తగ్గడం అని ఏవేవో కారణాలు చెబుతారు గాని, పి.డి. మారిన సంవత్సరం ఎంతమంది మానినారో ఎవరూ లెక్క వేయరు. నమ్మకాన్ని ఒకరి నుండి మరొకరికి ఛార్జి అప్పగించినట్లు అప్పగించడానికి వీలులేదు. ప్రతి ఒక్కరూ దానిని మొదటి నుండి సంపాదించుకోవలసినదే.

ఇక మైదానంలో బిడ్డ తన పని తాను చేసినప్పటికీ చుట్టూ ఉండే ఏర్పాటు ఒక చోట తప్పితే ఏమవుతుందో చెప్పడానికి కర్ణాటకలోనే జరిగిన ఒక ఉదంతం ఉన్నది. విశాఖపట్నానికి చెందిన యర్రాజి జ్యోతి పేరు నేడు దేశమంతటికీ తెలుసు. తండ్రి కాపలా ఉద్యోగి, తల్లి ఇండ్లలోను ఆసుపత్రిలోను పనిచేసి బిడ్డను పెంచినది. ఆమె పొడవును చూసి హర్డిల్స్ పందెానికి తగినదని గుర్తించినది పాఠశాల వ్యాయామోపాధ్యాయుడే. హైదరాబాదులో నాగపురి రమేష్ వద్ద శిక్షణ పొందినది. 2020 జనవరిలో మూడబిదిరెలో అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ అథ్లెటిక్ పోటీలు జరిగినవి. నూరు మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డులుంటాయి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటి అడ్డుకు 13 మీటర్లు, అక్కడి నుండి అడ్డుకు అడ్డుకు మధ్య 8.5 మీటర్లు, చివర 10.5 మీటర్లు. ఆ దూరాన్ని జ్యోతి 13.03 సెకండ్లలో దాటినది. అప్పటి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకండ్లు. పదునెనిమిది ఏళ్ల రికార్డు ఒక విశ్వవిద్యాలయ విద్యార్థిని కాళ్ల క్రింద నలిగిపోయినది.

అయినా అది రికార్డుగా నమోదు కాలేదు. ఆ పోటీలలో ఆమెకు జాతీయ ఉత్ప్రేరక నిరోధక సంస్థ పరీక్ష జరుగలేదు. అథ్లెటిక్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. పరుగు నిజం, గడియారం నిజం, కాని పుస్తకంలో చేరదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకండ్లలో పరుగెత్తినది. ఈసారి వెనుక గాలి సెకండుకు 2.1 మీటర్లు వీచినది. నిబంధన ప్రకారం 2.0 మించరాదు. అదీ పోయినది. చివరకు 2022 మే 10వ తేదీన సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23 సెకండ్లతో రికార్డు ఆమె పేరిట చేరినది. గాలిని ఎవరూ ఆపలేరు. కాని పరీక్షాధికారి, సాంకేతిక ప్రతినిధి అనేవి మనుష్యులు ముందుగా ఉత్తరాలు వ్రాసి, గుర్తుచేసి, ఏర్పాటు చేసుకోదగినవి. విశ్వవిద్యాలయ క్రీడల నిర్వహణ అంటే పందిరి వేసి పతాకం ఎగురవేయడం కాదని, ఎప్పుడో ఒకనాడు వచ్చే ఆ పదమూడు సెకండ్లకు సిద్ధంగా ఉండటమని ఈ ఉదంతం వలన తెలుస్తున్నది. జ్యోతి ధైర్యం గల పిల్ల గనుక రెండేళ్లు ఓర్చుకొని మరల పరుగెత్తినది. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకండ్లతో కాంస్య పతకం గెలుచుకొన్నది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. అంత ఓర్పు లేని పిల్ల మూడబిదిరె నుండియే ఇంటికి వెళ్లిపోయి ఉండేది.

ఇంతటి బాధ్యత గల వ్యక్తిని విద్యాసంస్థలు ఏ వరుసలో కూర్చుండబెట్టినవి? వ్యాయామ సంచాలకుడు అసలు ఉపాధ్యాయుడేనా అనే ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుండి సుప్రీంకోర్టు దాకా వెళ్లినది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పి.ఎస్. రామమోహనరావు కేసు అది. ఉపాధ్యాయులకు పదవీవిరమణ వయస్సు 60, ఇతర ఉద్యోగులకు 58. ఫిజికల్ డైరెక్టరు ఉపాధ్యాయుడు కాడు గనుక 58కే ఇంటికి వెళ్లవలెనని విశ్వవిద్యాలయం పట్టుపట్టినది. ఆయన విధులేమిటో న్యాయస్థానం పరిశీలించినది. ప్రతి సాయంత్రం విద్యార్థులకు ఆటలు ఏర్పాటు చేయడం, క్రీడాసామగ్రి సేకరణ, మైదానాల సంరక్షణ, తరగతుల మధ్య, కళాశాలల మధ్య పోటీలు జరిపించడం, అంతర విశ్వవిద్యాలయ పోటీలకు జట్టు వెంట వెళ్లడం, ఆటల నియమాలను విద్యార్థులకు తెలియజెప్పడం. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క నియమావళి, ఒక్కొక్క మెలకువ ఉన్నవి, వాటిని నేర్పడమే ఆయన పని, ఆ బోధన గదిలో గాక మైదానంలో జరిగినంత మాత్రాన బోధన కాకపోదు అనే అభిప్రాయంతో 1997లో సుప్రీంకోర్టు ఆయనను ఉపాధ్యాయుడుగానే పరిగణించి తీర్పు చెప్పినది.

రెండేళ్ల సర్వీసు కొరకు జరిగిన వ్యాజ్యం వలె పైకి కనిపిస్తుంది. వ్యాయామోపాధ్యాయులకు మాత్రం అది గౌరవానికి సంబంధించిన తీర్పు. చాక్‌పీసు పట్టినవారు గురువు, ఈల పట్టినవారు సిబ్బంది అనే భేదం ఇప్పటికీ పలుచోట్ల పోలేదు. ఉపాధ్యాయుల గదిలో సైతం ఆ భేదం కనిపిస్తుందని ఒప్పుకొనక తప్పదు. ఏ ఉపాధ్యాయుడైనా సెలవు పెడితే ఆ పీరియడును డ్రిల్లు మాస్టారికి అప్పగించడం, పరీక్షలు దగ్గర పడగానే డ్రిల్లు పీరియడును లెక్కలకు లాగివేయడం ఏ పాఠశాలలో జరుగలేదు?

ఈ విషయంలో అమెరికాను ఒకసారి చూడటం మంచిది. కళాశాల క్రీడలను అంత పెద్ద వ్యవస్థగా పెంచిన దేశం మరొకటి లేదు. 1892లో చికాగో విశ్వవిద్యాలయం అమోస్ అలొంజో స్టాగ్ అనే ఆయనను వ్యాయామ, క్రీడా విభాగానికి సంచాలకునిగా నియమించినది. మన బక్ దొర చదివిన స్ప్రింగ్‌ఫీల్డు విద్యాలయంలోనే, బాస్కెట్‌బాల్‌ను సృష్టించిన జేమ్స్ నైస్మిత్‌తో కలిసి పనిచేసినవారు ఈ స్టాగ్. చికాగో వారు ఆయనకు అధ్యాపక హోదా, ఉద్యోగ భద్రత రెండూ ఇచ్చినారు. ఆయన అక్కడ నలుబది ఏళ్లు పనిచేసి, డెబ్బదియవ ఏట తప్పనిసరియై విరమించినారు. అటుపైన వేరొక కళాశాలకు వెళ్లి ఎనుబది దాటిన పిదప కూడా శిక్షణ ఇస్తూనే ఉన్నారు. చికాగో వారు 1892లోనే ఒప్పుకొన్న దానిని మన వద్ద నిలబెట్టుకోవడానికి 1997 నాటి తీర్పు కావలసి వచ్చినది.

అదే అమెరికాలో నేటి పరిస్థితి వేరు. క్రీడా సంచాలకుని పని మైదానం నుండి ధనాగారానికి మారినది. టెలివిజను ఒప్పందాలు, దాతల విందులు, శిక్షకుల నియామకాలు, ఉద్వాసనలు. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ శిక్షకుని గడువు తీరకముందే సాగనంపి, ఒప్పందం ప్రకారం 7 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చినది. 2025 జులై నుండి ఒక్కొక్క విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు ఏటా సుమారు 2 కోట్ల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చునని కొత్త ఏర్పాటు కూడా వచ్చినది. ఇంత ధనం తిరిగేచోట మనుష్యులు నిలుస్తారా? 2005 నుండి ఒహాయో స్టేట్‌లో ఉన్న జీన్ స్మిత్ విరమణ ప్రకటించగా, ఆ స్థానానికి 2024 జనవరిలో టెక్సాస్ ఏ అండ్ ఎం నుండి రాస్ బ్యోర్క్ ఎంపికైనారు. ఖాళీ అయిన ఆ కుర్చీలోనికి మార్చిలో నెబ్రాస్కా నుండి ట్రెవ్ ఆల్బర్ట్స్ వచ్చినారు. నెబ్రాస్కా కుర్చీలోనికి వాషింగ్టన్ నుండి ట్రాయ్ డానెన్ వెళ్లినారు. ఆయన వాషింగ్టన్‌లో చేరి అప్పటికి ఆరు నెలలైనా కాలేదు. అక్కడికి పొరుగున ఉన్న వాషింగ్టన్ స్టేట్ నుండి పాట్ చున్ వచ్చినారు. ఇదంతా మూడు నెలలలోపల. బడి వార్షికోత్సవంలో చిన్నపిల్లలు ఆడే కుర్చీలాట గుర్తుకు వచ్చిన వారిని తప్పుపట్టలేము.

వారిది ధనాధిక్యం వలన కలిగిన చంచలత్వం. ఇక్కడిది చాలీచాలని జీతం వలన కలిగినది. బెంగుళూరులో ఒకవైపు ఘనమైన ఏర్పాట్లున్నవి. 1997లో జాతీయ క్రీడలు జరిగిన శ్రీ కంఠీరవ క్రీడాంగణం ఉన్నది. 2022లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ఈ నగరంలోనే జరిగినవి. ఆతిథ్యమిచ్చిన జైన్ విశ్వవిద్యాలయం 20 స్వర్ణ పతకాలతో ప్రథమ స్థానంలో నిలిచినది. క్రీడలకు ధనం, మనుష్యులు, పట్టుదల ఉంటే ఏమి చేయవచ్చునో అది నిరూపించినది. మరొకవైపు అదే నగరంలో వ్యాయామ సంచాలకుని పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న కళాశాలలున్నవి. పది నెలల ఒప్పందంపై వచ్చి, పరీక్షలు ముగియగానే వెళ్లిపోయే అతిథి ఉద్యోగులతో నడిచేవి ఉన్నవి. పోస్టు ఉన్నచోట మైదానం ఉండదు. ఉన్న మైదానంలో సగం వాహనాలు నిలుపుకొనే స్థలమై, మిగిలిన సగంలో కొత్త కట్టడానికి పునాది పడి ఉంటుంది. మైదానాన్ని కాపాడే మనిషి శాశ్వతంగా ఉన్నచోట పునాది పడేముందు కనీసం ఒక విన్నపమైనా ప్రిన్సిపాలు బల్లపై పడుతుంది. వచ్చే ఏడు ఉంటాడో లేడో తెలియని వాడు ఎవరితో వాదిస్తాడు?

ఈ పదవికి అర్హత నిబంధనలు మాత్రం గట్టివే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలలో స్నాతకోత్తర పట్టముతో బాటు దేహదారుఢ్య పరీక్ష కూడా ఉన్నది. ముప్పది ఏళ్లలోపు పురుషుడు 12 నిమిషాలలో 1800 మీటర్లు, స్త్రీ 1000 మీటర్లు పరుగెత్తియో నడిచియో చూపాలి. వయస్సు పెరిగిన కొలది దూరం తగ్గుతుంది. తక్కిన అధ్యాపకులకు ఇట్టి పరీక్ష లేకపోవడం ఈ సభలోని పలువురికి ఊరట కలిగించవచ్చు! హాస్యం అటుంచి, ఇంత అర్హత సంపాదించుకొన్న వ్యక్తిని పది నెలలకే పంపివేయడం ఏ లెక్క ప్రకారం పొదుపు అవుతుందో ఆలోచించాలి.

నిలిచి పనిచేసిన వారు ఏమి సాధించినారో తెలుసుకోవాలంటే హైదరాబాదు వెళ్లాలి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కాచిగూడ మొదలుకొని పలు పాఠశాలలలో పాఠాలు చెప్పి, మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో క్రీడల బాధ్యత వహించినారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు శిక్షణ చేపట్టి, 1963లో మరణించేవరకు ఆ జట్టును విడువలేదు. 1950 నుండి 1954 వరకు ఆ జట్టు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచినది. సికింద్రాబాదు నుండి సాధనకు వచ్చే స్తోమతు లేని తులసీదాస్ బలరాం అనే కుర్రవానికి సైకిలు అద్దెకు ఏర్పాటు చేసినవారు రహీం. ఆ కుర్రవాడు తరువాత దేశం గర్వించదగిన ఆటగాడైనాడు. పిల్లవాడు సాధనకు ఎందుకు రాలేదని ఆరా తీసి, కారణం సైకిలు అద్దె అని తెలుసుకోవడానికి ఆ పిల్లవాని ఊరు, ఇల్లు, పరిస్థితి తెలిసి ఉండాలి. పాఠశాల ఉపాధ్యాయునికి అలవడిన చూపు అది. 2024లో ఆయన జీవితంపై 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చినది గనుక నేటి పిల్లలకు ఆయన పేరు కొంత పరిచయమైనది.

ఇప్పుడు ఈ పాఠశాల చేయగలిగిన పని ఒకటి ఉన్నది. పదవ తరగతి పూర్తిచేసి వెళ్లే పిల్లవాని చేతికి బదిలీ ధ్రువపత్రం ఇస్తున్నాము, మార్కుల జాబితా ఇస్తున్నాము. ఆ రెంటితో బాటు వ్యాయామోపాధ్యాయుని చేతివ్రాతతో మరొక కాగితం ఇవ్వవచ్చును. ఈ పిల్ల ఏ పందెం పరుగెత్తినది, ఎన్ని సెకండ్లలో పరుగెత్తినది, ఏ మోకాలికి ఎప్పుడు దెబ్బ తగిలినది, ఉదయం సాధన అలవాటా, సాయంత్రమా, ఇంటివారు పై ఊళ్లకు పంపుతారా, పంపాలంటే ఎవరితో మాట్లాడాలి. ఒక్క పుట చాలు. దానిని కళాశాల వ్యాయామ సంచాలకునికి చేర్చాలి.

అయితే దానిని అందుకొనే మనిషి అక్కడ ఉండాలి కదా. ఆ విచారణ తలిదండ్రులదే. కళాశాలలో చేర్చేటప్పుడు రుసుము ఎంత, ఉత్తీర్ణతా శాతం ఎంత, వసతిగృహంలో భోజనం ఎట్లా ఉంటుంది అని అడుగుతారు. మీరు కట్టే రుసుములో క్రీడల కొరకని ఒక వరుస ఉంటుంది. ఆ వరుస మీద వేలు పెట్టి, "మీ పి.డి. గారు ఎవరు? ఎన్నేళ్లుగా ఉన్నారు? ఒకసారి కలవవచ్చునా?" అని అడగండి. పదిమంది తలిదండ్రులు అడిగిన కళాశాలలో ఆ ప్రశ్న కార్యవర్గ సమావేశం దాకా పోతుంది. కళాశాలల పాలకవర్గాలలో సభ్యులుగా ఉన్న పూర్వవిద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఈ సభలోనే ఉన్నారు. వారికి సమావేశం దాకా ఆగవలసిన పని కూడా లేదు.

ఉత్సవ కార్యక్రమంలో సాయంత్రం నాలుగు గంటలకు పూర్వవిద్యార్థుల రిలే పందెం ఉన్నది. యాభై దాటిన వారికి వేరుగా నడక పోటీ ఏర్పాటు చేయబడినది. పేర్లు ఇవ్వని వారు ఇప్పటికైనా ఇవ్వవచ్చును. ఈ పాఠశాలలో పనిచేసి విరమించిన వ్యాయామోపాధ్యాయులు మైదానంలో ఉంటారు. ఈల వారిదే. ఆలస్యంగా వచ్చిన వారిని వారు వెనుకటివలెనే మైదానం చుట్టూ ఒక చుట్టు పరుగెత్తిస్తారని తెలియవచ్చినది.